కోయకుండా కుదించడం

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మా వీధి మురిక్కాలవ నా నోట్లో పడితే నాగావళి అవుతుంది. నాగావళికి నిజంగానే నీళ్ళు పెరిగాయనుకోండి, నేను చెబుతుంటే వినేవాళ్ళు పంచెలు ఎగ్గట్టుకుంటారు. యాభై దాటాక ఈ గుణం తగ్గుతుందని మా ఆవిడ ఆశపడింది. జుట్టు తగ్గింది, గుణం పెరిగింది. కాబట్టి చదివేవాళ్ళకి ఒక మనవి. నేను గుమ్మడికాయ అన్నచోట మీరు నిమ్మకాయ అనుకోండి. మీకూ నాకూ పేచీ ఉండదు. అయితే పెంచి చెప్పడం వేరు, లేనిది పుట్టించడం వేరు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో నేను పెంచినవి బోలెడున్నాయి గానీ పుట్టించింది ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే చెబుతాను.

నా బతుకులో నేను ఎక్కువగా విన్న మాట నా పేరు కాదు, ‘కుదించు’. రాసిన ప్రతిదీ ముందు మా ఆవిడ చదువుతుంది, చదివి అంటుంది ఆ మాట. తరవాత పత్రికవాళ్ళు అంటారు. పెళ్ళిళ్ళలో నేను మైకు పుచ్చుకుంటే వంటవాళ్ళు కూడా అంటారు, వడ్డన ఆలస్యమైపోతోందని.

కుర్రతనంలో ఈ మాటకి అర్థం నాకు సరిగ్గా తెలియదు. మొదటిసారి ఒక పత్రిక సంపాదకుడు నా వ్యాసం తిప్పి పంపి, సగానికి కుదించమన్నాడు. నేను మొదటి సగం ఉంచి, రెండో సగం చింపి, అదే కవరులో పెట్టి పంపించాను. ఆయన ఫోన్ చేసి, “నేను కుదించమన్నానండీ, కోయమనలేదు. మేకని చిన్నది చెయ్యమంటే మీరు తల మాత్రం పంపించారు” అన్నాడు. ఆ రోజు చాలా కోపం వచ్చింది. ఎంత కోపమంటే, మా పెరట్లో కాకులు మూడు రోజులు వాలలేదు. కానీ కోపం దిగాక ఆలోచిస్తే ఆయన అన్నది నిజమే. కోస్తే కొంత పోతుంది. కుదిస్తే ఏదీ పోదు, అంతా ఉంటుంది, చిన్నగా ఉంటుంది.

ఆ తరవాత నాకు ఎక్కడ చూసినా అదే కనబడేది. పొందూరు ఖద్దరు తెచ్చి నానబెట్టకుండా చొక్కా కుట్టించుకుంటే, మొదటి ఉతుక్కి చేతులు మోచేతుల దాకా ఎక్కిపోతాయి. ఒక్క పోగు కూడా ఎక్కడికీ పోలేదు, కానీ చొక్కా పక్కింటి పిల్లాడిదైపోయింది. నౌపడ ఉప్పుమడుల్లో ఎండ చేసే పని కూడా ఇలాంటిదే. సముద్రాన్ని మడిలో పోసి ఒక్కో రోజూ దగ్గరికి లాగి లాగి, చివరికి దోసెడు తెల్లటి రవ్వ చేసి చేతిలో పెడుతుంది. నాలిక మీద వేసుకుంటే సముద్రం అందులోనే ఉంటుంది. ఇలాంటివి నేను సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. మా ఊళ్ళలో మామూలుగా మాట్లాడుకునేటప్పుడు కుదించు అనరు. సిన్నది సెయ్యి అంటారు, తగ్గించు అంటారు, బిగించు అంటారు. అది పుస్తకాల్లో మాట. పుస్తకాల్లో ఉండే ఆ మాట ఒక మధ్యాహ్నం వచ్చి మా బావ చేతి వేలి మీద కూచుంటుందని నేను అనుకోలేదు.

మా బావ అంటే మా అక్క మొగుడు. పొందూరు దగ్గర పల్లె. వరి పండిస్తాడు, మెట్టలో జీడిచెట్లున్నాయి. మనిషి మాటల్లో పొదుపు. నేను పూటకి వాడే మాటలు ఆయనకి ఏడాదికి సరిపోతాయి. పెళ్ళినాటికి ఎంత సన్నంగా ఉండేవాడంటే, మా నాన్న తొడిగిన ఉంగరం మణికట్టు దాకా వెళ్ళిపోయి గాజు అవుతుందేమోనని భయపడ్డాం. సరే, వదులుగా ఉండేది. మా అక్క ఆ ఉంగరానికి లోపలివైపు దారం చుట్టి ఇచ్చింది. దారం మాసిపోతే విప్పి కొత్తది చుట్టేది. అలా ఎన్నేళ్ళో.

ఒక ఏడు ఊడుపుల్లో అది జారి మడిలో పడింది. ఆకు తీసే, అంటే నారు పీకే, ఆడవాళ్ళంతా పని ఆపి మోకాలి లోతు బురదలో వెతికారు. దొరికింది గానీ, ఆ పూట మా బావ అన్నం తినలేదట. ఇక దారంతో లాభం లేదని, ఉంగరాన్నే చిన్నది చేయించాలని నిర్ణయించుకున్నాడు. ఆ నిర్ణయం మంచిదే. తప్పల్లా రోజు దగ్గర జరిగింది.

మాఘమాసంలో ఆదివారాలు మావాళ్ళు అరసవల్లి సూర్యుడి గుడికి వస్తారు. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం చేసి దర్శనానికి వెళతారు. మా బావ ఆ రోజు స్నానం చేసి, దర్శనం చేసుకుని, ఎలాగూ ఊళ్ళోకొచ్చాం కదా అని తడి పంచెతోనే అక్కడికి దగ్గర్లో ఉన్న కంసాలి దగ్గరికి వెళ్ళాడు. చలికి వేళ్ళు తొక్క తీసిన చిలగడదుంప ముక్కల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. కంసాలి ఆ వేలికి కొలత తీసుకున్నాడు. ఆ కొలతకే ఉంగరాన్ని కోయకుండా, దగ్గరికి నొక్కి కుదించి తొడిగాడు. పుణ్యం, పురుషార్థం ఒకే ప్రయాణంలో అయిపోయాయని మా బావ సంబరపడ్డాడు. మధ్యాహ్నం ఎండెక్కేసరికి ఉంగరం వేలిని కరిచి పట్టుకుంది. “ఇప్పుడు కుదిరినాది, ఇంక నా పేనం పోయినా ఇది జారదు” అన్నాడు. మా ఊళ్ళలో సగంమంది ఉంగరాలు ఇలా మాఘస్నానం వేలికి కొలిపించినవే. ఏడాదంతా బిగిసి ఉంటాయి. అదో గొప్ప.

ఇక ఆ రోజు సంగతి. భాద్రపదం, వానలు కొంచెం ఆగి ఉక్క పోస్తున్న రోజులు. అక్కా బావా అరసవల్లిలో ఉన్న మా ఇంటికొచ్చారు. ఆదివారమైతే మా బావ చేప వంక కన్నెత్తి చూడడు. కానీ అది బుధవారం. పొద్దున్నే నన్ను లేపి, “పదరా, సేపలు తెద్దాం. నువ్వు తెస్తే కుళ్ళినవి తెస్తావు” అన్నాడు. బావమరిదిగా నాకున్న గౌరవం అది.

మా వీధి చివర చేపలమ్మే ఆవిడ సముద్రపొడ్డు నుంచి తెల్లారే ఆటోలో వస్తుంది. పళ్ళెంలో జెల్లలున్నాయి. జెల్ల తెలుసు కదా, మీసాలుండే చేప. రెక్కల దగ్గర, వీపు మీద రంపంలాంటి ముల్లు ఉంటుంది. మా బావకి చేప చెవులు, అంటే మొప్పలు, ఎత్తి లోపల ఎరుపు చూడందే తృప్తి లేదు. చెయ్యి చాపాడు.

“ఒగ్గీ మావా, నాను సూపిస్తాను” అందావిడ.

“నువ్వు సూపిస్తే అన్నీ ఎర్రగానే ఉంటాయి.”

“దానికి ముల్లున్నాదయ్యా.”

“సచ్చిన సేప నన్నేటి సేస్తాది?”

“సేప సచ్చినా దాని ముల్లు సావదు మావా.”

ఆవిడ మాట పూర్తవలేదు. చేప జారింది, మా బావ ఒడిసిపట్టుకున్నాడు, ముల్లు ఉంగరం వేలు మొదట్లో దిగింది. ఎంత లోతుగా దిగిందంటే అటువైపు నుంచి వెలుతురు కనబడింది. అంటే, గింజంత రక్తపు బొట్టు కనబడింది. మా బావ మొహం పళ్ళెంలో మిగతా జెల్లల రంగుకి తిరిగింది.

“ఏడినీళ్ళల్లో ఎట్టీ సెయ్యి, మంట తగ్గుతాది,” అందావిడ. “ముందల ఆ ఉంగరం తీసీ. వాస్తాది.”

“పెళ్ళికి తొడిగిన ఉంగరం సేపకోసం తీస్తానేటి,” అన్నాడు మా బావ. అనేసి, నొప్పి పుట్టించిన ఆ జెల్లనే బేరమాడి కొన్నాడు.

ఇంటికొచ్చేసరికి వేలు దొండకాయంత అయింది. వేడినీళ్ళల్లో చెయ్యి పెట్టించాం. మంట కొంచెం దిగింది, వాపు దిగలేదు. మా ఆవిడ సబ్బు తెచ్చింది. “ఉంగరం తీసెయ్యండి అన్నయ్యగారూ, వాపు పెరిగితే రాదు” అంది. అప్పుడు మొదటిసారి మా బావ దాన్ని తిప్పి చూశాడు. తిరగలేదు. సబ్బు రాశాం. కొబ్బరినూనె రాశాం. నేను ఫ్రిజ్‌లో ఐసు ముక్కలన్నీ తెచ్చాను. ఉంగరం అటు కదల్లేదు, ఇటు కదల్లేదు. దానికి పైన ఒక ఉబ్బు, కింద ఒక ఉబ్బు. మధ్యలో బంగారం లోయలో ఏరులా ఎక్కడో అడుగున మెరుస్తోంది.

“లాగు,” అన్నాడు మా బావ నాతో.

లాగాను. ఆయన పళ్ళు కరిచిన చప్పుడు వినబడింది. వదిలేశాను.

“ఏరా, బామ్మర్దికి బలం నేదేటి.”

“బలం ఉన్నాది బావా. ధైర్యం నేదు.”

అంతవరకూ వంటింట్లోంచి తిడుతూనే ఉన్న మా అక్క బయటికొచ్చి వేలు చూసింది. తిట్టడం ఆపేసింది. మా అక్క తిట్టడం ఆపేసిందంటే భయపడాల్సిందే. నాకప్పుడే వేలి కొస కనబడింది. ఎర్రగా ఉన్నది నీలిగా మారుతోంది. ముట్టుకుంటే చల్లగా ఉంది. ఐసు తీసేసి మళ్ళీ వేడినీళ్ళల్లో పెట్టి తీసిన చేతికి ఒక్క వేలు చల్లగా ఉంది.

దగ్గర్లో ఉన్న చిన్న నర్సింగ్ హోమ్‌కి నేనే ఫోన్ చేశాను. “అమ్మా, మా బావగారికండీ, పొద్దున్న చేపల దగ్గర, ఆయన మాట వినే రకం కాదు, వేలు ఇప్పుడు అరటికాయంత అయిందండీ, అసలు ఆ ఉంగరం కథ ఏమిటంటే మాఘమాసంలో...” అవతల ఉన్నావిడ “సార్, పేషెంటు వయసెంత?” అని అడుగుతూనే ఉంది. నేను కంసాలి కొట్టు దాకా వచ్చాను. మా ఆవిడ ఫోన్ లాక్కుంది. “జెల్ల ముల్లు గుచ్చుకుంది. ఉంగరం రావట్లేదు. వేలు నీలిగా, చల్లగా అవుతోంది,” అంది. “చెయ్యి పైకెత్తి ఉంచి వెంటనే తీసుకురండి” అన్నారు. అంతే. నేను చెప్పాలనుకున్నదంతా ఆ మాటల్లో ఉంది. ఏదీ పోలేదు. ఇన్నేళ్ళుగా నాతో మా ఆవిడ కుదించు అంటున్నది దేన్నో నాకు అప్పుడర్థమైంది. నేనైతే ఇంకా కంసాలి కొట్టు దగ్గరే ఉండేవాణ్ణి, వేలు పోయేది.

ఆటోలో మా బావ చెయ్యి పైకెత్తి ఉంచాలి. కిందికి దించితే వాపు పెరుగుతుందని ఫోన్‌లో చెప్పారు. గుడి రోడ్డులో ఆటోలు, బస్సులు, లాడ్జి ముందు దిగుతున్న యాత్రికులు, అన్నీ ఒకదానికొకటి అడ్డం. మా ఆటో కదలడం లేదు. చెయ్యెత్తి కూచున్న మా బావని చూసి రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఒకాయన తనూ చెయ్యెత్తాడు. ఇంకొకాయన దండం పెట్టాడు. “ఎలచ్చన్లు వచ్చినాయేటి?” అని ఎవరో అడగడం వినబడింది. ఇంకోరోజైతే నేను దీన్నే పట్టుకుని నెల్లాళ్ళు బతికేవాణ్ణి. అప్పుడు నాకు నవ్వు రాలేదు. మా అక్క ఆయన వేలి కొసని తన చీరకొంగుతో పట్టుకుని, గోరు కింది రంగే చూస్తోంది. “బేగి పోనీ బాబూ,” అంది డ్రైవరుతో. “ఎక్కడికమ్మా పోనిచ్చేది, ఎగరాలి” అన్నాడతను. అని, ఆటోని ఒక సందులోకి తిప్పాడు. ఆ సందు ఎంత ఇరుకంటే రెండు వైపుల ఇళ్ళ అరుగుల మీదున్నవాళ్ళు కాళ్ళు పైకి తీసుకున్నారు. ఇది మాత్రం నేను పెంచింది కాదు, నిజంగానే తీసుకున్నారు.

డాక్టరమ్మ చిన్నావిడ. మా బావ వేలి కొసని తన బొటనవేలితో నొక్కి వదిలింది. నొక్కినచోట తెల్లబడింది. ఆ తెలుపు అలాగే ఉండిపోయింది. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడింది, మేం ఆవిణ్ణే చూస్తూ నిలబడ్డాం. ఎప్పటికో నీలిరంగు మెల్లిగా తిరిగొచ్చింది.

“రక్తం సరిగ్గా వెళ్ళట్లేదు. రింగ్ కట్ చేసేద్దాం. కట్టరుంది, నొప్పేమీ ఉండదు,” అంది.

“వద్దమ్మా,” అన్నాడు మా బావ.

“వద్దంటే ఎలాగండీ?”

“కొయ్యొద్దు.”

“ఉంగరం మళ్ళీ అతికించుకోవచ్చు. వేలు అతకదు కదా పెద్దాయనా.”

“కోసీండి డాక్టరమ్మా, ఆయన్నేటి అడుగుతారు,” అంది మా అక్క. “ఒరే తమ్ముడూ, సెయ్యట్టుకో.”

నేను చెయ్యి పట్టుకోబోయాను. మా బావ నా వంక చూశాడు. ఆ చూపుకి నా చేతులు వెనక్కి వెళ్ళిపోయాయి. ఇద్దరి మధ్యా నిలబడ్డాను, అటు అక్క మాట, ఇటు బావ చూపు.

డాక్టరమ్మకి చిరాకు వచ్చినట్టుంది గానీ గొంతు పెంచలేదు. “ఇంకొక దారి ఉంది. వేలి చుట్టూ బిగువుగా దారం చుడితే వాపు కొంత పైకి తోసుకుపోయి వేలు సన్నబడుతుంది. దారం మీంచి ఉంగరాన్ని జార్చాలి. మత్తు ఇంజెక్షన్ ఇస్తే ఆ మందుకే ఇంకొంచెం ఉబ్బుతుంది, అందుకని ఓర్చుకోవాలి. వస్తే వస్తుంది. రాకపోతే ఇంక నేను మిమ్మల్ని అడగను, కోసేస్తాను. ఒప్పుకుంటారా?”

మా బావ తలాడించాడు.

అంటే ఏమిటి? ఉంగరాన్ని కోయకుండా, వేలిని కుదించడం. నేను సభల్లో చప్పట్లు కొట్టించుకున్న తేడా అంతా ఆ బల్ల మీద పరిచి ఉంది. ఒకవైపు చిన్న ఇనుప కట్టరు, ఇంకోవైపు కుట్లు వేసే పట్టుదారం.

డాక్టరమ్మ సాగే పట్టీ తేవడానికి లోపలికి వెళ్ళింది. మా అక్క మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళింది. గదిలో నేనూ మా బావా మిగిలాం. ఆయన మెల్లిగా అన్నాడు: “అది తెగితే మీ అక్కకి మంచిది కాదురా. మా అమ్మ సెప్పేది.” అక్క నీళ్ళతో తిరిగొచ్చింది. ఇద్దరం గోడ మీద క్యాలెండరు చూస్తున్నట్టు నటించాం.

ముందు చెయ్యి సెలైన్ స్టాండుకి పైకి కట్టి, వేలికి కొస నుంచి మొదలు దాకా సాగే పట్టీ చుట్టి కొంతసేపు ఉంచారు. ఆ కొంతసేపు ఒక పుష్కరం. బయట వరండాలో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. మా బావ నుదుటి మీద చెమట బొట్టుబొట్టుగా పైకొచ్చి, కనుబొమ్మ దాకా జారి ఆగుతోంది. తుడవడానికి నాకు ధైర్యం చాలలేదు, ఎక్కడ కదిలిస్తే ఏమవుతుందోనని.

పట్టీ విప్పి, డాక్టరమ్మ సన్నటి పట్టకారుతో దారం కొసని ఉంగరం కిందనుంచి దూర్చింది. మిగతా దారాన్ని ఉంగరం పైనుంచి కణుపు దాటేదాకా చుట్టింది. తరవాత కింది కొస పట్టుకుని విప్పుతూ లాగింది. ఉంగరం కదిలింది. నిజంగా కదిలింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. మా అక్క ఊపిరి నాకు వినబడుతోంది. కణుపు దగ్గరికొచ్చి ఆగిపోయింది. చుట్లకీ చుట్లకీ మధ్య ఖాళీల్లోంచి చర్మం ఉబికి, ఉంగరానికి అడ్డం గోడ కట్టేసింది. లాగితే మా బావ కాళ్ళు బల్ల మీద బిగుసుకున్నాయి. నోట్లోంచి మాత్రం చప్పుడు లేదు.

డాక్టరమ్మ దారం వదిలేసింది. వేలి కొస నొక్కి చూసింది. ఈసారి రంగు ఇంకా ఆలస్యంగా వచ్చింది.

“ఇంక లాభం లేదండీ,” అని కట్టరు చేతిలోకి తీసుకుంది.

“ఒక్కపాలి నాను సుడతానమ్మా,” అంది మా అక్క.

నేను తెల్లబోయాను. ఇంతసేపూ కోసెయ్యమని పోరింది తనే.

“ఖాళీలొచ్చేసినాయి. అందుకే ఉబికిపోనాది. ఒక్కపాలి.”

మా అమ్మ రాట్నం మీద నూలు వడికేది. అక్క చిన్నప్పటినుంచీ ఆ నూలు చుట్టింది. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మ గోడ గడియారం చూసింది, వేలు చూసింది, మా అక్క మొహం చూసింది. “త్వరగా. నేను చెప్పినప్పుడు ఆపెయ్యాలి. ఒకదానికొకటి ఆనుకునేలా చుట్టండి, కింద నుంచి పైకి,” అని దారం చేతికిచ్చి, కట్టరు మాత్రం కింద పెట్టలేదు. ఉంగరం కిందనుంచి వచ్చిన దారం కొసని తనే పట్టుకుంది. నేను బావ మణికట్టు పట్టుకున్నాను.

అక్క చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ తిట్టడం మొదలుపెట్టింది. ఎంతసేపటికో ఆ తిట్లు వినబడేసరికి నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

“ముల్లున్న సేపని ముట్టుకోకంటే ముడతావేటి. ఆయమ్మి సెప్పినా ఇనవు. కూసున్నావా కదలకుండా? కదిలితే సంపెస్తాను.”

“సంపెయ్,” అన్నాడు మా బావ.

“మాటాడకు. ఎన్నడూ మాటాడనోడివి ఇప్పుడెందుకు?”

ఒక్కో తిట్టుకీ ఒక్కో చుట్టు. చుట్టు మీద చుట్టు ఎక్కడం లేదు, చుట్టుకీ చుట్టుకీ మధ్య వెంట్రుక దూరే సందు లేదు. కణుపు దగ్గర ఆవిడ తిట్లు ఆగిపోయాయి. పెదవి కరిచిపట్టి లాగి బిగించింది. అప్పుడు మా బావ గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది. జీవితంలో ఆయన నోట అలాంటిది నేను వినలేదు. నా చేతుల్లో ఆయన మణికట్టు నరం కొట్టుకోవడం నా మోచేతుల దాకా తెలిసింది. వేలి కొస ఇప్పుడు నేరేడుపండు రంగు.

“చాలు,” అంది డాక్టరమ్మ. “ఇప్పుడు నేను విప్పుతాను. రాకపోతే ఇంతే.”

కింది కొస లాగింది. ఉంగరం ఒక చుట్టు ఎక్కింది. ఇంకొకటి. కణుపు మొదట్లో ఆగింది. డాక్టరమ్మ మళ్ళీ లాగింది. ఆగే ఉంది. ఆవిడ కళ్ళు కట్టరు వైపు వెళ్ళాయి. మా అక్క ఆ కళ్ళని చూసింది. చూసి, ఉంగరం మీద బొటనవేలు ఆనించి, ఏదో తలుపు గడియ తీస్తున్నట్టు కొంచెం పక్కకి తిప్పింది. తోలు లేచింది. రక్తం వచ్చింది. ఉంగరం కణుపెక్కింది, దిగింది, అక్క చేతిలోంచి జారి నేల మీద పడి బల్ల కిందికి దొర్లిపోయింది.

ఎవరూ దాని కోసం వంగలేదు. డాక్టరమ్మ గబగబా దారమంతా విప్పేసింది. వేలి చుట్టూ తీగల బుట్ట అల్లినట్టు గీతలున్నాయి. ఆవిడ కొస నొక్కి వదిలింది. తెల్లబడింది. నలుగురం ఆ తెలుపు మీదికి వంగాం. గింజంత మచ్చ అది, అప్పుడు నాకు మైదానంలా కనబడింది. దాని అంచున లేత గులాబీరంగు ఒకటి మొదలై, మెల్లిగా లోపలికి పాకి, మచ్చని మూసేసింది.

“వచ్చేసింది,” అంది డాక్టరమ్మ. ఉంగరం గురించి కాదు.

మా అక్క స్టూలు మీద కూలబడింది. బొటనవేలికి అంటిన రక్తాన్ని చీరకొంగుకి తుడుచుకుంది. “ఇంటికాడ ఆ జెల్ల ఉన్నాది. పిల్లికేసీమను మీ ఆవిడ్ని,” అంది నాతో.

“పులుసెట్టమను,” అన్నాడు మా బావ. “దాన్ని తినకపోతే నాకు నిద్రట్టదు.”

చివర్లో చెబుతానన్నాను కదా. వేలు ఏనాడూ అరటికాయంత కాలేదు. ముల్లు గుచ్చినచోట వెలుతురూ కనబడలేదు. అవన్నీ ఉన్నవాటిని పెంచినవి, మీరు ఈపాటికి తగ్గించుకునే ఉంటారు. అక్క చుట్టిన చుట్లని మాత్రం నేను ఒక్కటి కూడా పెంచలేదు. అసలు లేనిది ఒక్కటే. అక్క నీళ్ళకి వెళ్ళినప్పుడు మా బావ నాతో ఏమీ అనలేదు. “అది తెగితే మీ అక్కకి మంచిది కాదు” అన్న మాట ఆయనది కాదు, వాళ్ళమ్మదీ కాదు. నేను పుట్టించింది. తరవాత ఒకరోజు అడిగాను, వేలు పోతున్నా ఎందుకంత మొండికేశావు బావా అని. “బంగారం పాడైపోతాది కదేట్రా” అన్నాడు. అంతకన్నా ఒక్క ముక్క రాబట్టలేకపోయాను.

ఆయన చెప్పిందే నిజం కావచ్చు. కానీ ఆ గదిలో మేమిద్దరమే ఉన్నంతసేపూ ఆయన తన వేలిని చూసుకోలేదు, ఉంగరాన్నీ చూసుకోలేదు. అక్క బయటికి వెళ్ళిన తలుపు వైపే చూస్తూ కూచున్నాడు. అది నేను పుట్టించింది కాదు.